డీజిల్ ఒక మనిషి పేరు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ఎవరి గురించి రాయాలా అని చాలా రోజులు ఆలోచించాం. అంబేద్కర్ గురించి, పూలే గురించి మాకంటే బాగా రాసేవాళ్ళు ఇక్కడ ఉన్నారు. అందుకని మన ఊళ్ళో అందరి నోటా రోజూ పలికే పేరే అయినా, అది మనిషి పేరని ఎవరికీ తెలియని ఒకాయన జీవితం రాస్తున్నాం.

తొమ్మిదో తరగతిలో ఉండగా మమ్మల్ని నాగార్జునసాగర్ టూరుకు తీసుకుపోయారు. డ్యాం చూసి, లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయాం. చెరువు తప్ప పెద్ద నీళ్ళు చూడని పిల్లలం. అందరూ ముందు వైపు చేరి నీళ్ళు చూస్తుంటే మేము ముగ్గురం మాత్రం వెనక ఇంజను దగ్గర నిలబడ్డాం. కాళ్ళ కింద చెక్కలు వణుకుతున్నాయి, నూనె వాసన, చెవులు గింగురుమనే చప్పుడు. ఇది ఏం ఇంజను అని నడిపే ఆయనను అడిగితే డీజిలింజను అన్నాడు. డీజిలు పోస్తే నడుస్తుంది కనుక ఆ పేరు వచ్చిందని మాలో మేమే తేల్చుకున్నాం. ఇంటర్మీడియట్‌కు వచ్చాక గానీ మా లెక్క తలకిందులని తెలియలేదు. పేరు ముందు మనిషిది. ఆ మనిషి నుంచి ఇంజనుకు, ఇంజను నుంచి నూనెకు వచ్చింది.

మా నెక్కొండకు ఈ పేరుతో పాత పరిచయమే. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు లైను మా ఊరి మీదుగానే పోతుంది. కాజీపేటలో డీజిల్ ఇంజన్ల షెడ్డు ఉంది. రైలుకంటే దగ్గరి పరిచయం బావుల దగ్గరిది. మా తాత ఎద్దులతో మోట కొట్టినవాడు. మా నాయన కాలానికి మోట పోయి ఆయిలింజను వచ్చింది. నాయన ఒక రైతు దగ్గర జీతం ఉన్నప్పుడు తెల్లవారుజామున హ్యాండిలు తిప్పి ఐదు హార్సుపవర్ ఇంజను స్టార్టు చేయడం ఆయన పని. హ్యాండిలు సమయానికి ఊడకపోతే ఎదురు తిరిగి మణికట్టు విరిచేది. నాయన కుడిచేతి మణికట్టు ఇప్పటికీ కొంచెం వంకరే. ఆ ఇంజను ఆయనది కాదు, బావి ఆయనది కాదు, పారిన పొలం కూడా ఆయనది కాదు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నామో ముందుకు పోతే తెలుస్తుంది.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు, బతుకుదెరువుకు ఫ్రాన్సుకు వచ్చినవారు. తండ్రి థియొడోర్ పుస్తకాలకు అట్టలు కుట్టే పనివాడు, తరువాత తోలు సామాను చేసేవాడు. చేసిన సామాను తోపుడు బండి మీద వేసుకొని ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి రావడం పిల్లవాడి పని. తీరిక దొరికితే పారిస్‌లోని యంత్రాల ప్రదర్శనశాలకు పోయి పాత ఆవిరి బండిని చూస్తూ నిలబడేవాడు.

1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం వచ్చింది. జర్మన్లంతా దేశం విడిచి పొమ్మన్నారు. ఆ కుటుంబం సామాను వదిలేసి లండన్ చేరింది. అక్కడ అందరికీ తిండి పెట్టడమే కష్టమైంది. పన్నెండేళ్ళ రుడాల్ఫ్‌ను తల్లి జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు బంధువుల ఇంటికి పంపింది. ఆ ఇంటి పెద్ద బార్నికెల్ లెక్కల మాస్టారు. పిల్లవాడు ఆయన పనిచేసే బడిలోనే చేరాడు. ఇంటికి దూరంగా, ఒకరు పెట్టే అన్నం తింటూ చదువుకోవడం ఎట్లా ఉంటుందో ఈ సంచిక చదివేవాళ్ళకు మేము వివరించనక్కరలేదు. ట్రంకుపెట్టెతో గేటు దగ్గర దిగిన మొదటి రోజు రాత్రి ఎవరికి నిద్ర పట్టింది?

పద్నాలుగేళ్ళకే తాను ఇంజనీరు కావాలనుకుంటున్నట్టు ఇంటికి ఉత్తరం రాశాడు. ఆ బడిలో మొదటి స్థానంలో నిలిచాడు. 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చదవడానికి ప్రతిభా స్కాలర్‌షిప్ వచ్చింది. అప్పుడు ఇంట్లో పేచీ వచ్చింది. తల్లిదండ్రులకు డబ్బు కావాలి, చదివింది చాలు, పనిలో చేరమన్నారు. పదిహేడేళ్ళ పిల్లవాడు వాళ్ళ మాట కాదని మ్యూనిక్ పోయాడు. ఇది చదివినప్పుడు మేము పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాం. పదో తరగతి పాసైన ఏడు మా ఇంట్లో జరిగింది కూడా ఇదే. హైదరాబాదులో సెంట్రింగ్ పనికి మేనమామ మాట్లాడి పెట్టాడు. నాయన ఔననలేదు, కాదనలేదు. ఆ వేసవి అంతా మా ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. మా ఇంటిపేరు గలవాళ్ళలో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాళ్ళం మేము. అందుకే ఆ పదిహేడేళ్ళ పిల్లవాడికి గర్వంతో పాటు ఎంత భయం వేసి ఉంటుందో ఊహించగలం.

మ్యూనిక్‌లో ఆయన గురువు కార్ల్ లిండే. ఐసు తయారుచేసే యంత్రాలకు, రిఫ్రిజిరేటర్లకు పునాది వేసిన శాస్త్రవేత్త. ఆయన పాఠంలో ఒక లెక్క చెప్పాడు. ఆనాటి ఆవిరి ఇంజనులో బొగ్గు కాల్చగా వచ్చే వేడిలో నూటికి పది పాళ్ళు కూడా పనిగా మారదు, మిగిలినదంతా పొగగొట్టంలో పోతుంది. క్లాసులో ఈ మాట ఎందరో విన్నారు, నోట్సులో రాసుకున్నారు, పరీక్ష రాశారు, మరిచిపోయారు. డీజిల్ మరిచిపోలేదు. పది బస్తాల వడ్లు పండితే తొమ్మిది బస్తాలు కళ్ళంలోనే తగలబెట్టినట్టు కదా ఇది! ఆ తొమ్మిదింటిలో కొన్నయినా ఇంటికి చేర్చే దారి ఏదని ఆయన పట్టుకున్నాడు. తరువాత ఇరవై ఏళ్ళు ఆయన బతుకు దీని చుట్టే తిరిగింది.

1879లో టైఫాయిడ్ వచ్చి చివరి పరీక్ష తప్పిపోయింది. తిరిగి పరీక్ష పెట్టేదాకా ఊరికే ఉండకుండా స్విట్జర్లాండులోని సుల్జర్ కర్మాగారంలో పని నేర్చుకున్నాడు. 1880లో పరీక్ష రాసి అత్యున్నత శ్రేణిలో పాసయ్యాడు. గురువుగారి ఐసు యంత్రాల కంపెనీ తరఫున పారిస్ పోయి, ఏడాది తిరిగేసరికి అక్కడి ఫ్యాక్టరీ బాధ్యత చేపట్టాడు. పెళ్ళి చేసుకున్నాడు, ముగ్గురు పిల్లలు. ఉద్యోగం మంచిదే. అయినా రాత్రిళ్ళు ఇంజను గురించే. నీటి ఆవిరి బదులు అమ్మోనియా ఆవిరితో ఒక ఇంజను చేయబోతే అది పేలి నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. చూపు, ఆరోగ్యం ఆ తరువాత ఎన్నడూ మునుపటిలా లేవంటారు. 1890లో కంపెనీ పని మీదే బెర్లిన్ మారాడు.

ఆయన ఆలోచన ఏమిటో మన హాస్టల్ వరండాలోనే చూడవచ్చు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం పట్టుకొని చూడండి, చుర్రుమంటుంది. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది. ఇంకా గట్టిగా, చాలా గట్టిగా నొక్కితే? అందులో పడిన నూనె చుక్క తనంతట తాను అంటుకునేంత వేడెక్కుతుంది. అప్పుడు అగ్గిపుల్ల అక్కరలేదు, పెట్రోలు బండికి ఉన్నట్టు ప్లగ్గు అక్కరలేదు. ఎంత ఎక్కువ నొక్కితే అంత ఎక్కువ వేడి పనిగా మారుతుంది. ఈ ఆలోచనకు 1892 ఫిబ్రవరిలో పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు, మరుసటి సంవత్సరం వచ్చింది. అదే ఏడు ఒక చిన్న పుస్తకం కూడా అచ్చువేసి పెద్ద పెద్ద ఫ్యాక్టరీలకు పంపాడు. ఆగ్స్‌బర్గ్ యంత్రాల కర్మాగారం అధిపతి హైన్‌రిక్ బుట్స్, ఎస్సెన్ నగరపు క్రుప్ కంపెనీ ఖర్చు భరించడానికి ముందుకొచ్చారు. ఒకప్పుడు బంధువుల ఇంట్లో ఉండి చదువుకున్న ఊరిలోనే ప్రయోగం మొదలైంది.

కాగితం మీది ఇంజను వేరు, ఇనుముతో చేసిన ఇంజను వేరు. 1893 ఆగస్టు 10న మొదటి ప్రయోగంలో ఇంధనం లోపల పడగానే తుపాకి పేలినట్టు పేలింది. ఒత్తిడి కొలిచే పరికరం ముక్కలై ఎగిరిపోయింది. పక్కన ఉన్నవాళ్ళు బతికి బయటపడటమే ఎక్కువ. కానీ డీజిల్‌కు కావలసిన జవాబు దొరికింది: గాలి వేడికే నూనె అంటుకుంటుంది. 1894 ఫిబ్రవరి 17న ఇంజను తనంతట తాను ఒక నిమిషం పాటు తిరిగింది. అప్పటిదాకా బయటి శక్తితో బెల్టు వేసి తిప్పుతున్నారు. ఆ బెల్టు ఒక్కసారి వదులై ఇంజనే దాన్ని లాగడం మొదలుపెట్టింది. అది ముందుగా గమనించినవాడు అక్కడి మిస్త్రీ. ఆయన ఏమీ అనకుండా తలమీది టోపీ తీశాడట. ఆవిష్కర్త కంటే ముందు పనివాడికి తెలిసింది. ఈ సంగతి మాకు చాలా నచ్చింది.

ఇంకో మూడేళ్ళు పట్టింది. 1897 ఫిబ్రవరిలో మ్యూనిక్ ప్రొఫెసర్ ష్రోటర్ వచ్చి ఇంజనును పరీక్షించాడు. ఒక్క సిలిండరు, మనిషికి ఒకటిన్నర ఇంతల ఎత్తుండే ఇనుప స్తంభం. ఇంచుమించు 20 హార్సుపవర్. వేడిలో నూటికి 26 పాళ్ళు పనిగా మారింది. ప్రపంచంలో అప్పటిదాకా ఏ ఇంజనూ అంత దూరం రాలేదు. ఆ ఇంజను మ్యూనిక్ మ్యూజియంలో ఉంది.

నిజం చెప్పాలంటే పేటెంటులో ఆయన రాసినట్టు ఆ ఇంజను నడవలేదు. కాగితం మీద ఆయన వేసుకున్న ఒత్తిడి ఇనుము తట్టుకోలేనిది. చివరకు నడిచింది దానికంటే చాలా తక్కువ ఒత్తిడితో, వేరే పద్ధతిలో. ఇంగ్లండులో ఆక్రాయిడ్ స్టువర్ట్ అనే ఆయన అంతకుముందే నూనెతో నడిచే ఒక ఇంజనుకు పేటెంటు తీసుకున్నాడు. అయితే అందులో నూనె అంటుకోవడానికి ముందుగా ఒక గుబ్బను బయటి నుంచి కాల్చి వేడి చేయాలి. ఈ రెండు సంగతులూ పట్టుకొని డీజిల్ మీద బతికినంతకాలం దెప్పుపొడుపులు, కోర్టు వివాదాలు నడిచాయి. మా అభిప్రాయంలో ఆయన గొప్పతనం మొదటి ఆలోచనలో కంటే, తప్పిన లెక్కను ఒప్పుకొని నాలుగేళ్ళు అదే ఇనుము ముందు నిలబడటంలో ఉంది. ల్యాబులో ఒక్క రీడింగు తప్పితే ప్రక్కవాడి రికార్డు చూసి దిద్దుకునే మాకు అది బాగానే తగిలింది.

తరువాత డబ్బు వచ్చి పడింది. అమెరికాలో బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ అక్కడి హక్కులకు పది లక్షల మార్కులు ఇచ్చాడు. నలభై ఏళ్ళకు లక్షాధికారి. మ్యూనిక్‌లో పెద్ద భవంతి కట్టించాడు. మరోపక్క తొందరపడి అమ్మిన మొదటి ఇంజన్లు కొన్నచోటల్లా మొరాయించాయి, కొన్ని తిరిగి వచ్చాయి. తలనొప్పులు, నిద్రలేమి. 1898లో కొన్ని నెలలు చికిత్సాలయంలో ఉన్నాడు. వచ్చిన డబ్బును భూముల్లో, చమురు బావుల్లో పెట్టాడు. ఇంజను లెక్క తెలిసినవాడికి భూమి లెక్క తెలియలేదు. వరంగల్ చుట్టూ ప్లాట్ల వ్యాపారంలో దిగి ఉన్న రెండెకరాలు పోగొట్టుకున్నవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు కదా, అట్లాగే.

ఇక పడవల సంగతికి వద్దాం, లాంచీ దగ్గరే కదా మా కథ మొదలైంది. డీజిల్ ఇంజను నేల మీది బండ్ల కంటే ముందు నీళ్ళ మీద పని చూపించింది. అది అంత బరువు మరి! మొదట్లో నూనెను సిలిండరులోకి చిమ్మడానికి విడిగా ఒక గాలి కంప్రెసరు కావాల్సి వచ్చేది. ఆ బరువును రోడ్డు మీది బండి మోయలేదు, పడవ మోయగలదు. పైగా బొగ్గు పడవలో సగం చోటు బొగ్గుకే, దాన్ని ఎగదోసే మనుషులకే సరిపోయేది. డీజిల్ ఇంజనుకు ఒక నూనె ట్యాంకు, ఒకరిద్దరు మనుషులు చాలు. పెట్రోలులాగా ఆవిరై మూసిన పడవలో మంట అంటుకునే ప్రమాదమూ తక్కువ.

1903లో ఫ్రాన్సులో డీజిల్ మిత్రుడు ఫ్రెడరిక్ డైకాఫ్ పూనికతో పెటీ పియెర్ అనే చిన్న కాలువ పడవకు డీజిల్ ఇంజను పెట్టారు. డీజిల్ స్వయంగా అందులో ప్రయాణం చేశాడు. అదే ఏడు రష్యాలో నోబెల్ సోదరుల కంపెనీ వాండల్ అనే నూనె ఓడను వోల్గా నదిలోకి దించింది. అందులో 120 హార్సుపవర్ ఇంజన్లు మూడు. ఒక చిక్కు వచ్చింది. ఆనాటి డీజిల్ ఇంజను ఒక్క దిక్కుకే తిరుగుతుంది. బండికి బ్రేకు ఉంటుంది, పడవకు ఏముంటుంది? ఒడ్డుకు ఆనేటప్పుడు నీటి అడుగున ఉండే పంకా వెనక్కి తిరగకపోతే పడవ గట్టును గుద్దుతుంది. వాండల్‌లో ఇంజనుతో కరెంటు పుట్టించి, ఆ కరెంటు మోటార్లతో పంకాను తిప్పారు. మోటారును ఎటైనా తిప్పవచ్చు. మన రైలు మార్గాల మీద నడిచిన డీజిల్ ఇంజన్లలో చాలావాటికి లోపల ఉన్నది ఈ పద్ధతే.

పడవ పాతదే ఉంచి ఇంజను మాత్రం మార్చడంలో చరిత్రకెక్కినది ఫ్రామ్ అనే నార్వే ఓడ. 1892లో ధ్రువ సముద్రాల మంచును తట్టుకొనేలా మందమైన చెక్కతో కట్టారు. దానికి ఆవిరి ఇంజను ఉండేది. 1910లో రోల్డ్ అముండ్‌సెన్ దక్షిణ ధ్రువ యాత్రకు బయలుదేరే ముందు ఆ ఇంజను ఊడదీసి, స్వీడన్‌లో తయారైన 180 హార్సుపవర్ డీజిల్ ఇంజను పెట్టించాడు. హార్సుపవర్ పెరగలేదు, కొంత తగ్గింది కూడా. లాభం వేరేచోట ఉంది. ఆవిరి ఇంజను కదలాలంటే గంటల ముందు నుంచి బాయిలరు కింద మంట పెట్టాలి. ఆగి ఉన్నప్పుడూ మంట ఆరనివ్వకూడదు, అంటే ఊరికే బొగ్గు తింటూనే ఉంటుంది. డీజిల్ అవసరమైనప్పుడు కొద్ది నిమిషాల్లో లేస్తుంది, అక్కరలేనప్పుడు చుక్క తాగదు. బొగ్గు దొరకని మంచు సముద్రంలో ఇది ప్రాణంతో సమానం. 1911 జనవరిలో ఫ్రామ్ దక్షిణాన మంచు అంచుకు చేరింది. డిసెంబరు 14న అముండ్‌సెన్ ధ్రువం మీద అడుగుపెట్టాడు.

1912 ఫిబ్రవరిలో డెన్మార్క్ నుంచి సెలాండియా అనే పెద్ద ఓడ బ్యాంకాక్‌కు బయలుదేరింది. ఎనిమిది సిలిండర్ల డీజిల్ ఇంజన్లు రెండు, ఒక్కొక్కటి 1,250 హార్సుపవర్. అప్పటికి వెనక్కి తిరిగే ఇంజన్లు వచ్చేశాయి. దానికి పెద్ద పొగగొట్టమే లేదు. రేవుల్లో జనం పొగలేని ఓడను వింతగా చూశారు. లండన్‌లో ఆగినప్పుడు బ్రిటిష్ నౌకాదళ మంత్రిగా ఉన్న చర్చిల్ వచ్చి చూసిపోయాడు. వ్యాపారులకు కనిపించింది లాభం, మంత్రులకు కనిపించింది యుద్ధం. అప్పటికే జలాంతర్గాములకు డీజిల్ ఇంజన్లు ఎక్కుతున్నాయి.

ఇదంతా డీజిల్ కోరుకున్నదేనా? ఇక్కడే మాకు ఆయన మీద అన్నిటికంటే ఎక్కువ జాలి కలుగుతుంది. ఆవిరి ఇంజను కొనగలిగింది పెద్ద ఫ్యాక్టరీలే. అందువల్ల తన తండ్రిలాంటి చేతిపనివాళ్ళు మునిగిపోయారని ఆయన చూశాడు. సాలెవాడు, వడ్రంగి, చిన్న పనివాడు తన ఇంటి దగ్గరే పెట్టుకోగల చౌక ఇంజను చేయాలన్నది ఆయన మొదటి కోరిక. చేతికి వచ్చింది మాత్రం పెద్ద కంపెనీలు తప్ప కొనలేని ఇనుప కొండ. 1903లో పనివాళ్ళు రోజుకు ఇంతని పైసలు కూడబెట్టి, ఆ ఉమ్మడి నిధితో తామే యజమానులై కర్మాగారాలు పెట్టుకోవాలని ఒక పుస్తకం రాశాడు. మన అమ్మలు నడిపే పొదుపు సంఘాల వంటి ఆలోచనే. పదివేల ప్రతులు అచ్చు వేస్తే కొన్ని వందలే అమ్ముడయ్యాయి. ఇంజను కంటే ఈ పుస్తకమే తన ముఖ్యమైన పని అని ఆయన అనుకునేవాడట. ఎవరూ పట్టించుకోలేదు.

ఇంకొక సంగతి. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును పల్లి నూనెతో నడిపి చూపించారు. చూసినవాళ్ళకు తేడా కూడా తెలియలేదట. తాము ఏలుతున్న ఆఫ్రికా దేశాల్లో పల్లి బాగా పండుతుంది కనుక అక్కడి నూనెతోనే యంత్రాలు నడపవచ్చా అని ఫ్రెంచి ప్రభుత్వం ఆలోచన. నూనె గింజలు పండించే రైతు ఎవరి మీదా ఆధారపడకుండా తన ఇంజనుకు తానే ఇంధనం పండించుకోవచ్చని డీజిల్ తన చివరి సంవత్సరాల్లో గట్టిగా చెప్పాడు. ఒక శతాబ్దం గడిచాక అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు గూడెంలో ఆడవాళ్ళు కానుగ గింజల నుంచి నూనె తీశారు. డీజిల్ బదులు ఆ నూనె వాడితే తగ్గే పొగకు లెక్కగట్టి 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్ళకు 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే. కానీ డీజిల్ బతికుంటే సెలాండియా కంటే దీన్ని చూడటానికే ముందు వచ్చేవాడని మాకు అనిపిస్తుంది.

1913 నాటికి ఆయన అప్పుల్లో నిండా మునిగి ఉన్నాడు. బయట గౌరవాలు, లోపల వడ్డీలు. ముందటేడే అమెరికా పోయి ఎడిసన్‌ను కలిసి వచ్చాడు. ఇంటి పరిస్థితి భార్యకు కూడా పూర్తిగా చెప్పలేదు. సెప్టెంబరు 29 సాయంత్రం బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. ఇంగ్లండులో తన ఇంజన్ల కంపెనీ సమావేశానికి పోవాలి. వెంట ఇద్దరు మిత్రులు. ముగ్గురూ భోంచేసి, డెక్కు మీద తిరుగుతూ మాట్లాడుకున్నారు. రాత్రి పదింటికి ఎవరి గదికి వాళ్ళు పోయారు. పొద్దున ఆరుంబావుకు లేపమని సిబ్బందికి చెప్పాడు. పొద్దున చూస్తే మనిషి లేడు. పక్క నలగలేదు. రాత్రి వేసుకునే బట్టలు మడత విప్పకుండా ఉన్నాయి. గడియారం మంచం మీద నుంచి కనబడేలా వేలాడదీసి ఉంది. టోపీ, కోటు ఓడ వెనక వైపు రెయిలింగు దగ్గర దొరికాయి. డైరీలో ఆ తేదీ దగ్గర చిన్న శిలువ గుర్తు ఉంది.

పది రోజుల తరువాత ఒక డచ్చి పడవవాళ్ళకు సముద్రంలో శవం కనబడింది. జేబులోని కళ్ళద్దాల పెట్టె, చిన్న చాకు వంటి వస్తువులు తీసుకొని శవాన్ని నీళ్ళకే వదిలేశారు. కొడుకు యూజెన్ ఆ వస్తువులు చూసి తన తండ్రివని గుర్తుపట్టాడు. ఆయన వయసు 55. ఆత్మహత్య అని ఎక్కువమంది నమ్ముతారు. చమురు వ్యాపారులు చంపించారని, గూఢచారులు చంపారని కూడా కథలు పుట్టాయి, వాటికి రుజువులు లేవు. వాటిని నమ్మడం సులువు, ఎందుకంటే అంత పేరున్న మనిషి అప్పుకు భయపడి ఉంటాడంటే మనసు ఒప్పుకోదు. కానీ మన జిల్లాలో పుట్టినవాళ్ళం. పత్తి పోయి అప్పులపాలైన ఇళ్ళు చూసినవాళ్ళం. అప్పు ఎవరితోనూ చెప్పుకోలేక లోపలే ఉంచుకున్న మనిషి ఏమవుతాడో మనకు ఓడ ఎక్కకుండానే తెలుసు. ఒక్కరితోనైనా చెప్పి ఉంటే బాగుండేదని తప్ప మేము ఆయనను ఏమీ అనలేం.

ఆయన పోయాక ఇంజను చిన్నదైంది. 1927లో జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీ నూనెను సూది మొనలాంటి రంధ్రం గుండా చిమ్మే పంపును ఎక్కువ సంఖ్యలో తయారుచేసింది. దాంతో గాలి కంప్రెసరు అక్కరలేకపోయింది, బరువు దిగిపోయింది. స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకీ 1905లోనే పేటెంటు తీసుకున్న టర్బోచార్జరు కూడా తోడైంది. వృథాగా పోయే పొగతోనే చక్రం తిప్పి ఇంజనులోకి ఎక్కువ గాలి దూర్చడం దాని పని. అంతే సైజు ఇంజను నుంచి ఎక్కువ బలం. అప్పుడు గానీ డీజిల్‌కు వేగం రాలేదు. వేగపు పడవ నీళ్ళను చీల్చుకొని పోదు, నీళ్ళ మీదికి లేచి జారుతుంది. చెరువు మీద చిల్లపెంకు విసిరితే ఎగిరెగిరి పోయినట్టు. అట్లా లేవాలంటే ఒక్కొక్క హార్సుపవర్‌కు ఇంజను బరువు చాలా తక్కువ ఉండాలి. సముద్ర తీరాల్లో కాపలా కాసే వేగపు పడవల్లో చాలావాటికి ఇప్పుడు డీజిల్ ఇంజన్లే. విశాఖ, కాకినాడ రేవుల్లో చేపల వేటకు పోయే మరపడవలకూ అవే.

పాత పడవకు కొత్త ఇంజను వేయడం కూడా లారీకి ఇంజను మార్చినంత సులువు కాదు. ఇంజను కూర్చునే దిమ్మెలు కొత్త బరువు, కొత్త వణుకు తట్టుకోవాలి. ఇంజను నుంచి పంకాకు పోయే ఇరుసు వెంట్రుకవాసి వంకరున్నా బేరింగులు పోతాయి. బలమైన ఇంజను పెట్టి పాత పంకానే ఉంచితే ఆ బలం నీళ్ళకు అందదు. వెనక బరువు పెరిగితే ముక్కు పైకి లేచి పడవ ముందుకు పోనే పోదు. అన్నీ లెక్క చూసుకోవాలి. ఫ్రామ్ విషయంలో ఆ లెక్క సరిగ్గా కుదిరింది.

మన దేశంలో 1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్ల కంపెనీ మొదలయ్యాక ఆ చిన్న ఇంజను ఊరూరా బావుల మీదికి వచ్చింది. డీజిల్ కోరుకున్న చిన్న ఇంజను ఇదే. చిన్నవాడి చేతికి వచ్చిందా అంటే సగమే వచ్చింది. భూమి ఉన్న చిన్న రైతుకు వచ్చింది. భూమి లేని మా నాయనకు దాని హ్యాండిలు మాత్రమే వచ్చింది. ఈ ఇంజన్లు ఇప్పుడు మా ఊళ్ళో మూలకు పడ్డాయి, అన్నీ కరెంటు మోటార్లే.

మొన్న పండుగకు ఇంటికి పోయినప్పుడు ఈ కథ అంతా నాయనకు చెప్పాం. మంచంలో కూర్చొని, వంకర మణికట్టును ఎడమ చేత్తో నిమురుకుంటూ విన్నాడు. చదువుకోవద్దన్న తల్లిదండ్రుల దగ్గర కొంచెం తల పక్కకు తిప్పుకున్నాడు. ఓడలో మనిషి మాయమైన దగ్గర మాత్రం ఆపి ఒకటే అడిగాడు, ఆయన మునిగిన ఆ ఓడ ఆయన ఇంజనుతోనే నడిచేదా అని. కాదు నాయనా, బొగ్గుతో నడిచే ఆవిరి ఓడ అని చెప్పాం.